ఊరుమ్మడి కప్పు మీది యెండ

సౌరవిద్యుత్తు నిన్నమొన్నటి ముచ్చటయే యైనను, ఊరుమ్మడి భవనములలో దీపమునకు చమురు పోయువా రెవరను ప్రశ్న మిక్కిలి పాతది. శాన్ ఫ్రాన్సిస్కో నగరము నూరేండ్లలో దీనికి రెండు మారులు సమాధానము వెదకెను.

1913లో అమెరికా కాంగ్రెసు చేసిన రేకర్ చట్టము, యోసెమిటీ వనమందలి హెచ్ హెచీ లోయలో ఆనకట్ట కట్టుకొనుటకు నగరమునకు అనుజ్ఞ యొసగుచు, ఆ నీటితో పుట్టించు విద్యుత్తును మారుబేరమునకై కంపెనీల కీయరాదని విధించెను. అయినను 1925లో మొకాసిన్ విద్యుత్కేంద్రమునుండి బయలుదేరిన తీగ నగరము చేరక, అఖాతమున కావలనున్న నూఆర్క్ కడ నాగిపోగా, పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆ విద్యుత్తును కొని పౌరులకే అమ్మెను. 1940లో సుప్రీంకోర్టు ఈ యేర్పాటు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. తుదకు ఇండ్లు కంపెనీ పాలును, పురమందిరము, ట్రాములు, విమానాశ్రయము మొదలగు ఊరి సొత్తు కొండనీటి విద్యుత్తు పాలును అయినవి.

2000-01 సంవత్సరములలో, విద్యుద్విపణిపై కట్టడి సడలించిన కాలిఫోర్నియా కోతలతోను, ఆకాశమంటిన ధరలతోను అల్లాడెను. 2001 ఏప్రిలులో ఆ కంపెనీయే దివాలాకోర్టు నాశ్రయించెను. ఆ నవంబరునందే పౌరులు, ప్రజాభవనములపై సౌరవిద్యుత్తు మొదలగువానికై 10 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు వేసి సమ్మతించిరి. పొగమంచునకు పేరుపడిన ఊరగుటచే పేటపేటను ఎండ కొలుచుటతోనే ప్రణాళిక ఆరంభమయ్యెను. 2004లో మొస్కోనీ సభాభవనము కప్పుపై 675 కిలోవాట్ల పలకలు నిలిపినప్పుడు, లోపలి పాత దీపములను మార్చి వ్యయమునుకూడ తగ్గించిరి. చిల్లి పూడ్చిన పిదపనే కుండ నింపవలెనను ఇల్లాలి నీతికిది దృష్టాంతము.

2010లో సన్‌సెట్ పేటలో, అనగా సూర్యాస్తమయము పేరు పెట్టుకొన్న పేటలో, త్రాగునీటి జలాశయము కప్పుపై 5 మెగావాట్ల కేంద్రము వెలసెను. కప్పు ఊరిది, ఎండ యెల్లరిది. పలకలు మాత్రము ఒక ప్రైవేటు సంస్థవి. కేంద్రప్రభుత్వ మిచ్చు పన్ను రాయితీ అప్పట్లో పన్ను కట్టు సంస్థలకేగాని నగరమునకు చెల్లకుండెను గనుక, నగరము 25 ఏండ్లపాటు విద్యుత్తు కొనుటకు ఒడంబడికె చేసికొనెను. నాడు సొంత విద్యుత్తు ఊరి వెలుపలనే చేయి మారెను. నేడు అది ఊరి నడుమనే పుట్టి, ఊరి భవనములకే పోవుచు, కాగితముమీద మాత్రము పరుల పేర నున్నది.