కారవాన్ ట్రైలర్

కారవాన్ ట్రైలర్ అనగా కారు లేదా జీపు వెనుక తగిలించి లాగుకొనిపోగల, నివాసయోగ్యమైన బండి. దీనికి సొంత ఇంజను ఉండదు. ఇంజనుతో కూడిన దానిని మోటారు కారవాన్ అంటారు. శాశ్వత నివాసం కోసం స్వయంగా నిర్మించుకొనే కారవాన్‌లో గాలిని చీల్చుకుపోయే ఆకారం, బరువుల సమతూకం, నివాస సౌకర్యం అనే మూడు అవసరాలు ఒకదానితో ఒకటి పోటీపడతాయి.

ఆకారం

వాయు నిరోధం వేగం యొక్క వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉప్పల్ నుండి వరంగల్ వైపు సాగే 163వ నెంబరు జాతీయ రహదారిపై ఒక బండి వేగం గంటకు 40 కి.మీ. నుండి 80 కి.మీ.కు పెరిగితే నిరోధం 4 రెట్లు, దానిని అధిగమించడానికి కావలసిన సామర్థ్యం 8 రెట్లు అవుతుంది. ముందువైపు అంచులను గుండ్రంగా మలచి, వెనుక భాగాన్ని క్రమంగా సన్నబరిస్తే నిరోధం తగ్గుతుంది. వాలు మరీ ఎక్కువైతే గాలి ప్రవాహం ఉపరితలాన్ని వదలి సుడులు తిరుగుతుంది. అమెరికాలో గ్లైడర్ల రూపకర్త హాలీ బౌలస్ 1934లో ఈ సూత్రంపై అల్యూమినియం ట్రైలరును నిర్మించాడు. 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ దీనిని అనుసరించినదే.

సమతూకం

వెనుక భాగం బరువెక్కితే ట్రైలరు పక్కలకు ఊగి, లాగే వాహనాన్ని కూడా బోల్తా కొట్టించగలదు. కావున మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ముందున్న కొక్కెంపై పడేలా చూస్తారు. 1000 కిలోల బండికి ఇది 100 నుండి 150 కిలోలు. 100 లీటర్ల నీరు 100 కిలోలు తూగుతుంది. నీరు ఖర్చయినా సమతూకం చెడకుండా ట్యాంకును ఇరుసుకు దగ్గరగా, నేలమట్టాన అమరుస్తారు. సన్నబడిన వెనుక భాగంలో పరుపు వంటి తేలిక వస్తువులనే ఉంచాలి.

నివాసం

హైదరాబాదు వేసవిని తట్టుకొనుటకు రెండు పొరల గోడల మధ్య థర్మోకోల్ వంటి ఉష్ణ నిరోధకం, తెల్లని పైకప్పు, ఎదురెదురు కిటికీలు అవసరం. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే బయటకు పోవుటకు నేలమట్టంలో రంధ్రాలు ఉంచాలి. బండి నడుస్తుండగా లోపల మనుషులు ఉండరాదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరు కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేనిదే దానిని రోడ్డుపైకి తీసుకురాకూడదు. నిర్మాణం ప్రారంభించక ముందే రవాణా శాఖ నిబంధనలు తెలుసుకొనుట మేలు.

తెలుగునాట

వాహనాన్నే నివాసంగా చేసుకొన్నవారిలో ప్రసిద్ధులు నందమూరి తారక రామారావు. ఉప్పల్ సమీపంలోని నాచారంలో రామకృష్ణ స్టూడియోను నెలకొల్పిన ఆయన, 1982లో తెలుగుదేశం పార్టీ ప్రచారం కోసం పాత షెవ్రొలే వ్యానును మార్పించి "చైతన్యరథం" అని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ దానిని నడిపారు. ప్రచార కాలంలో రామారావు భోజనం, నిద్ర చాలావరకు అందులోనే సాగాయి. ఇది ట్రైలరు కాదు, మోటారు వాహనం. జనసమూహాల మధ్య నెమ్మదిగా సాగే ఆ బండికి గాలిని చీల్చే ఆకారం కంటే, నిలబడి ప్రసంగించగల పైకప్పే ముఖ్యమైనది. వాడుకను బట్టియే వాహనం ఆకారాన్ని నిర్ణయించాలనుటకు ఇది చక్కని ఉదాహరణ.