3,289 పాస్‌వర్డ్‌లు

పాస్‌వర్డ్‌లను పరీక్షించడం నా ఉద్యోగం. కంపెనీల అనుమతితో, వాళ్ల ఉద్యోగుల పాస్‌వర్డ్‌లు ఎంత తేలిగ్గా చిక్కుతాయో చూసి చెబుతాను. పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు ముందుగా 1979 నాటి వ్యాసం ఒకటి చదివిస్తాను. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ రాసింది.

వాళ్లు 3,289 పాస్‌వర్డ్‌లు పోగుచేశారు. వాటిలో 15 ఒంటి అక్షరాలు. 72 రెండక్షరాలవి, 464 మూడక్షరాలవి. కాస్త పొడుగువీ, నిఘంటువుల్లో, పేర్ల జాబితాల్లో దొరికేవీ కలిపితే 2,831 తేలాయి. అంటే 86 శాతం. యూనిక్స్ అప్పటికి ఇంటింటా ఉన్న సరుకు కాదు, వాడేవాళ్లలో కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లే ఎక్కువ. థాంప్సన్ పాత పాస్‌వర్డ్ కూడా 2019లో బయటపడింది. చదరంగంలో మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు జరిపే ఎత్తు అది! ఆయనకు ప్రాణమైన ఆట. గుర్తుండాలంటే మనిషి తనకు దగ్గరైనదాన్నే పట్టుకుంటాడు. దాన్ని తెలివితక్కువతనం అంటే నేనొప్పుకోను.

1988 నవంబరు 2న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసిన వార్మ్‌ను, అంటే తనంతట తానే పాకే ప్రోగ్రామ్‌ను, వదిలింది ఆ మోరిస్ కొడుకే. అది చొరబడిన దారుల్లో ఒకటి పాస్‌వర్డ్‌లను ఊహించడం. ముందు వాడుకరి పేరు, తర్వాత అదే పేరు తిరగేసి, ఆ తర్వాత 432 మాటల జాబితా.

మేం చేసేదీ అదే వరస. 2009లో రాక్‌యూ సంస్థ నుంచి లీకైన 3.2 కోట్ల పాస్‌వర్డ్‌ల జాబితా మా చేతిలో ఉంటుంది. అందులో అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. పెద్దక్షరం, అంకె, గుర్తు తప్పనిసరి అంటే మొదటి అక్షరం పెద్దదవుతుంది, చివర @123 చేరుతుంది. హైదరాబాద్ ఆఫీసుల్లో దాని ముందు ఊరి పేరో, బిడ్డ పేరో ఉంటుంది. ఆ మార్పులన్నీ మా సాఫ్ట్‌వేర్ తనంతట తానే వేసి చూస్తుంది.

మోరిస్, థాంప్సన్ జనాన్ని తిట్టి ఊరుకోలేదు. ఒక్కో ఊహను సరిచూడటానికి ఎక్కువ సమయం పట్టేలా చేశారు. ఒకే పాస్‌వర్డ్ ఇద్దరు పెట్టుకున్నా పాస్‌వర్డ్ ఫైల్లో వేర్వేరుగా కనిపించేలా సాల్ట్ అనే యాదృచ్ఛిక సంఖ్యను కలిపారు. భారం యంత్రం మీద పెట్టారు.

ఆఫీసుల్లో నిబంధనలు రాసేవారికి నా విన్నపాలు మూడు. పాస్‌వర్డ్ మూణ్ణెల్లకోసారి మార్చమనడం మానండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లో ఆ పద్ధతి వద్దంది. లీకైన జాబితాల్లో ఉన్నదాన్ని అంగీకరించకండి. మీ సిబ్బందికి పాస్‌వర్డ్ మేనేజర్ కొనివ్వండి.