పన్నెండు గుండ్ల లెక్క

తుపాకి పట్టిన నలుగురు ఒకచోట కూర్చుంటే "ట్వెల్వ్ బోరు" అన్న మాట రాక తప్పదు. ఆ పన్నెండు అంగుళాల లెక్క కాదు, మిల్లీమీటర్ల లెక్కా కాదు. ఒక పౌను సీసాన్ని కరిగించి 12 సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది 12 బోరు. గొట్టం లోపలి వెడల్పు సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. అదే సీసాన్ని 16 గుండ్లు చేస్తే ఒక్కో గుండు చిన్నదవుతుంది, గొట్టమూ సన్నబడుతుంది. అందుకే ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ తుపాకి చిన్నది. ఎవరి గుండ్లు వాళ్ళే ఇంట్లో పోసుకున్న రోజుల కొలత ఇది. గుండ్లు ఫ్యాక్టరీకి వెళ్ళి నూరేళ్ళు దాటినా కొలత మాత్రం మారలేదు.

కోనసీమకు తుపాకి వచ్చిన దారుల్లో ముఖ్యమైనది సముద్రం. అమలాపురానికి దిగువన బెండమూర్లంకలో ఈస్టిండియా కంపెనీకి వర్తక స్థావరం ఉండేది. ఇంజరం, మాదపొల్లం కూడా అలాంటివే. కొనేది బట్టలైనా కాపలాకు తుపాకులు ఉండేవి. 1757లో, బొబ్బిలి కోట కూలిన ఏడే, ఫ్రెంచి సేనాని బుస్సీ గోదావరి పాయల వెంట ఉన్న ఈ మూడు స్థావరాలనూ పట్టుకున్నాడు. సర్కారు జిల్లాల రాజులకు, జమీందార్లకు ఆ నాటికే తుపాకి బలం తెలుసు. వేట మాత్రం ఇంకా ఎక్కువగా వలలదీ ఉచ్చులదీ ఈటెలదీనే.

వేటకు తుపాకి ఎందుకు ఆలస్యంగా వచ్చిందో నాటు తుపాకి పనితీరు చూస్తే తెలుస్తుంది. మూతివైపు నుంచి మందు పోయాలి. పాటిమన్ను నుంచి తీసిన సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరిన నల్లమందు అది. దాని మీద గుడ్డపీలికో కొబ్బరిపీచో కూరి, గుండ్లు వేసి, మళ్ళీ కూరి, కడ్డీతో బిగించాలి. గొట్టం పక్కన చిన్న గిన్నెలాంటి చోట మరి కాస్త మందు. దానికి మొదట్లో రాజుతున్న ఒత్తితో, తరవాత చెకుముకి రాయితో నిప్పు అందేది. గిన్నెలో మందు భగ్గుమని, ఆ మంట సన్నటి రంధ్రం గుండా లోపలికి పాకి, అప్పుడు గుండు బయటికి వస్తుంది. ఈ ఆలస్యం రెప్పపాటే. నీటి మీద బాతుకు ఆ రెప్పపాటు చాలు. మంట చూసి మునిగిపోతుంది, లేదా లేచిపోతుంది. ఇక వానాకాలం గాలిలో మందు చెమ్మగిల్లితే ఆ రోజు వేట ముగిసినట్టే.

ఈ బాతు సమస్యను తీర్చినవాడు ఒక మతబోధకుడు. స్కాట్లండులో బెల్‌హెల్వీ అనే పల్లె చర్చిలో పనిచేసే అలెగ్జాండర్ ఫోర్సైత్‌కు నీటిపక్షుల వేటంటే ప్రాణం. మంట కనబడకుండా నిప్పు పుట్టించడం ఎలాగని ఆలోచించి, దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని వాడాడు. 1807లో దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. తరవాతి పదిహేనేళ్ళలో అది చిన్న రాగి టోపీ అయింది. దాన్నే మనవాళ్ళు క్యాపు అన్నారు. 1830ల్లో ఫ్రాన్సులో లెఫోషో వెనకవైపు విరిచి తూటా పెట్టే తుపాకి చేశాడు. మందు, గుండ్లు, క్యాపు మూడూ ఒకే డొక్కులో ఇమిడాయి. 1875లో ఇంగ్లండులో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తులను లోపల దాచిన జోడుగొట్టాల తుపాకి రూపొందించారు. ఇవాళ లైసెన్సు ఉన్న ఇంట్లో కనబడే డబుల్ బ్యారెల్‌ చాలావరకు ఆ నమూనా మనవడే. యుద్ధాలు తుపాకిని మార్చాయని చదువుకుంటాం. నిజానికి సైన్యాల చేతికి క్యాపు అందడానికి ముందు దాని వెనక ఉన్నది బాతు కన్ను.

ఈలోగా ఇక్కడ గోదావరి మారింది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ వెంటనే గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి రాజోలు వైపు లంకకు కాలువ నీరు తీసుకెళ్ళారు. ఏటా నీళ్ళు నిలిచే వరిచేలు వచ్చాయి. శీతకాలం ఉత్తరాది చలి దేశాల నుంచి దిగే బాతులకు పగలు మడ అడవుల నీడ, రాత్రి వరిమళ్ళ మేత దొరికాయి. వలస బాతులు, పరజలు, ఉల్లంకి పిట్టలు పొద్దుగూకే వేళ గుంపులుగా తలమీదుగా పోయే ఆ పది నిమిషాల కోసం దొరలూ జమీందార్లూ గట్ల మీద కాపు కాసేవారు. 12 బోరు సరిగ్గా ఈ నేల తుపాకి. రైఫిలు గుండు కిలోమీటర్ల దూరం పోతుంది. అడుగడుక్కీ ఇల్లూ కొబ్బరితోటా ఉన్న ఈ చదునులో దాన్ని పేలిస్తే ఎవరి పెరట్లో పడుతుందో తెలియదు. 12 బోరు సన్నగుండ్లకు నలభై గజాల దాకానే సత్తువ. ఇంకాస్త పోతే చినుకుల్లా రాలిపోతాయి.

వేటగాళ్ళ కబుర్లలో సగం తూటా నంబర్ల మీదే. ఇంగ్లీషు లెక్కలో 6 నంబరంటే ఔన్సుకు సుమారు 270 గుండ్లు, ఎల్‌జి అంటే ఔన్సుకు 6. పిట్టకు మొదటిది, అడవిపందికి రెండోది. గొట్టం ఒకటే, తూటా మార్చడమే. ఎడమ గొట్టం మూతి దగ్గర కాస్త బిగువుగా ఉండి గుండ్లను దూరం దాకా చెదరనివ్వదు. అందుకే ముందు కుడిది, పిట్ట దూరమయ్యాక ఎడమది. చెమ్మకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కునే కాగితపు డొక్కుల బాధ ప్లాస్టిక్ డొక్కులతో తీరింది.

ఇంతవరకూ తుపాకిని మలిచింది పక్షి. ఇక్కడి నుంచి మలిచింది సర్కారు భయం.

1878లో వైస్రాయి లిట్టన్ ఆయుధ చట్టం తెచ్చాడు. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, తెల్లవాడికి మినహాయింపు. మరుసటి ఏడు మార్చిలోనే గోదావరి జిల్లా ఎగువ కొండల్లో రంప తిరుగుబాటు లేచింది. కల్లు పన్ను మీద, రంప మన్సబుదారు మీద రగిలిన ఆ కోపం చేతిలో నాటు తుపాకులున్నాయి. ఆ తరవాత ఏ కొలత తుపాకి ఎవరి దగ్గరుండాలన్నది వేట ప్రశ్నగా మిగల్లేదు. వాయవ్య సరిహద్దుకు దొంగచాటుగా చేరుతున్న సైనిక రైఫిళ్ళకు తూటాలు దొరకకూడదని 1907 ప్రాంతంలో .450 కొలతను మన దేశంలో నిషేధించారు. అప్పటికి ఏనుగు, అడవిదున్న వేటకు అదే పేరున్న తూటా. దాంతో లండన్ తుపాకి కంపెనీలు హడావిడిగా .465, .470 వంటి కొత్త కొలతలు పుట్టించాయి. ఆఫ్రికా వేటలో పేరు మోసిన తూటాలు పుట్టడానికి కారణం మన సరిహద్దు మీద తెల్లదొరల అనుమానం.

.303 కథా అంతే. సైన్యం చేతిలో ఉన్న కొలత పౌరుడి దగ్గర ఉండకూడదన్నారు. అందుకని ఆస్ట్రియా సైన్యం వాడిన ఎనిమిది మిల్లీమీటర్ల తూటాను తీసుకొని .315 అని పేరు పెట్టి భారతీయ వేటగాడికి ఇచ్చారు. కలకత్తా దగ్గర ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్నే చేస్తూ వచ్చింది. మన దేశంలో లైసెన్సు రైఫిలంటే ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది .315 కావడం ఏ జంతువును చూసీ తీసుకున్న నిర్ణయం కాదు. చిత్తూరు అడవుల్లో మామండూరు నరభక్షక పులి కథ రాసిన కెన్నెత్ ఆండర్సన్ జీవితమంతా నమ్ముకున్నది .405 వించెస్టర్. అదీ సైనిక కొలత కాదు.

సర్కారు భయం ఉత్తది కాదని 1922 ఆగస్టులో తేలింది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులూ తూటాలూ తీసుకెళ్ళాడు. మన్యం వేటగాడి దగ్గర గురి ముందే ఉంది, అతనికి లేనిదల్లా చట్టం దాచిపెట్టిన తుపాకి. ఆ గురి పోలీసు తుపాకితో కలిస్తే ఏమవుతుందో సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరల చావు చెప్పింది.

1959 ఆయుధ చట్టం తెల్ల, నల్ల తేడా తీసేసింది. వేటకో ఆత్మరక్షణకో కనీసం 20 అంగుళాల గొట్టమున్న నునుపుగొట్టం తుపాకి, పంట కాపలాకు మూతిలో మందు కూరే తుపాకి అడిగితే లైసెన్సు ఇవ్వాలని రాసింది. తాతలనాటి నాటు తుపాకికి పార్లమెంటు చట్టంలో చోటు దొరికిందన్నమాట. 1972 వన్యప్రాణి చట్టం చిన్నవేటకు కొంత వీలు మిగిల్చినా 1991 సవరణ దాన్నీ మూసేసింది. అది చేయవలసిన పనే. తుపాకి బాగుపడిన కొద్దీ పక్షికి దక్కే అవకాశం తరిగిపోయింది. ఒక్క తూటాకు నాలుగైదు బాతులు రాలాయని చెప్పే కబుర్లో, గాయపడి మడల్లోకి పోయి చచ్చినవాటి లెక్క ఉండదు. బురదలో మిగిలిన సీసాన్ని గింజలనుకొని మింగి బాతులు చస్తున్నాయని తేలాకే అమెరికా 1991లో నీటిపక్షుల వేటకు సీసపు గుండ్లను దేశమంతటా నిషేధించింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో 2023లో ఆపింది.

అయితే తుపాకితోపాటు మరొకటి కూడా మూలన పడుతోంది: పిట్టల గురించి వేటగాడికి తెలిసిన సంగతులు. గోదావరి లోయలో ఒకప్పుడు కనబడిన కలివికోడి అనే పిట్ట 1900 తరవాత లేకుండా పోయిందని పుస్తకాలు రాశాయి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర దాన్ని మళ్ళీ పట్టి చూపింది శాస్త్రవేత్తలతో తిరిగిన అక్కడి పిట్టల వేటగాడు. తుపాకితో కాదు, రాత్రిపూట దీపంతో. కోరింగ మడల్లో ఇప్పుడు శీతకాలంలో పక్షుల లెక్క జరుగుతోంది. 1991కి ముందు ఏ లంక మీదుగా ఏ బాతు ఏ నెలలో, ఎంత గుంపుగా దిగేదో చెప్పగలిగినవాళ్ళు ఆనాడు గట్ల మీద కాపు కాసినవాళ్ళే. వాళ్ళలో చాలామంది ఏడు పదులు దాటారు. ఈ శీతకాలమే ఎవరైనా వాళ్ళ అరుగు మీద కూర్చుని, ఊరి పేరు, నెల, పిట్ట పేరు అడిగి రాసుకోవాలి.