మాధవాయపాలెం తాను

కొవ్వూరు దగ్గర గోదావరి ఇంకా ఒక్కటే. గోష్పాద రేవు దాటి ఆనకట్ట దాకా వెళ్లాకే చీలుతుంది. తూర్పుపాయ గౌతమి, పడమటిపాయ వశిష్ఠ. వశిష్ఠ వెంట సముద్రం వైపు పోతే నరసాపురం, దాన్ని ఆనుకుని మాధవాయపాలెం. ఇవాళ ఆ పేరు చెబితే సఖినేటిపల్లికి పంటు ఎక్కే రేవు గుర్తొస్తుంది. ఒకప్పుడు లండన్ వర్తకులకు అది తెల్లటి నూలుబట్ట పేరు. 'మదపోలం' అనేవారు.

ప్రపంచీకరణ అనగానే మనం 1991 నుంచి లెక్కపెడతాం. కానీ అది అంతకన్నా పాతది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో కొఠీలు పెట్టింది మన బట్ట కోసమే. తూర్పుదీవుల్లో జాజికాయ, లవంగం కొనాలంటే అక్కడివాళ్లు ఈ తీరపు బట్టే అడిగేవారు. ఆ బట్ట కొనడానికి అమెరికా గనుల వెండి మన రేవుల్లో దిగింది. నరసాపురంలో ఓడలు కట్టేవారు. వాటికి కావలసిన కలప మన్యం కొండల నుంచి ఈ కొవ్వూరు ముందు నుంచే తేలుతూ వెళ్లేది. ఆఫ్రికా పడమటి తీరంలో మనుషులను బానిసలుగా కొన్న సరుకుల్లోనూ కోరమండల్ బట్ట ఉంది. నేసినవాడికి ఆ సంగతి తెలియదు. మనకు తెలుసు కనుక, అదీ ఈ కథలో చెప్పి తీరాలి.

ఒక తాను వెనక ఎందరి చేతులో! దక్కను నుంచి లంబాడీలు ఎడ్ల మీద పత్తి తెచ్చేవారు. ఊరూరా ఆడవాళ్లు, వితంతువులు, ముసలమ్మలు రాట్నం ముందు కూర్చుని వడికేవారు. దేవాంగులు, పద్మశాలీలు, కర్ణభక్తులు గుంటమగ్గంలో కాళ్లు దించి నేసేవారు. నూట ఇరవై పడుగు పోగులు ఒక పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ నేత చిక్కన. మగ్గం దిగిన బట్టను చాకళ్లు చలువ చేస్తేనే ఓడకెక్కే తెలుపు వచ్చేది.

సాలెవాడు బీదవాడే కావచ్చు, కానీ అతని చేతిలో ఒక ఆయుధం ఉండేది. కొఠీ పీడిస్తే మగ్గం విప్పుకుని పక్క జమీందారు ఊరికి పోయేవాడు. ఇంగ్లీషువాడు తక్కువిస్తే డచ్చివాడికి అమ్మేవాడు, లేదా యానాంలో పరాసులకు. ముందుగా తీసుకున్న బయానా తిరిగి ఇచ్చేస్తే బేరం వదిలించుకోవచ్చు. 1766లో నిజాము ఉత్తర సర్కారులను కంపెనీకి ఒప్పజెప్పాడు. అప్పటి నుంచి కొనేవాడే పాలించేవాడయ్యాడు. పక్క ఊరూ అతనిదే, ఠాణా అతనిదే. కంపెనీ బయానా తీసుకున్నవాడు మరొకరికి నేయకూడదన్నారు. గడువు తప్పితే గుమ్మంలో బంట్రోతును కూర్చోబెట్టి, ఆ బంట్రోతు బత్తా సాలెవాడి చేతే కట్టించారు. నాణ్యత చాలదని తానును వెనక్కి కొట్టేవారు. ఆ శతాబ్దం చివర గోదావరి సాలెలు మగ్గాలు ఆపి తిరగబడ్డారు, అర్జీలు పెట్టుకున్నారు. నా దృష్టిలో పతనం అక్కడే జరిగిపోయింది. మాంచెస్టర్ యంత్రం రాకముందే నేతగాడు 'కుదరదు' అనే హక్కు పోగొట్టుకున్నాడు.

తరవాతి సంగతులు త్వరగా జరిగాయి. వాటికి దారి ముందే పడింది: 1721లోనే బ్రిటన్ తన జనం అద్దకపు నూలుబట్ట కట్టకూడదని చట్టం చేసింది. 19వ శతాబ్దం తొలి దశకాల్లో మన తెల్లబట్ట మీద అక్కడ నూటికి 70కి మించిన సుంకం వేశారు. వాళ్ల బట్ట ఇక్కడ నామమాత్రపు సుంకంతో దిగింది. మన తాను మన నేల మీదే చౌకీ చౌకీకీ రహదారి సుంకం కట్టింది, 1844లో అది ఎత్తేసేదాకా. మగ్గం మీద మొతర్ఫా పన్ను వేరే. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం పోయింది, 1833లో వర్తకమే మానుకోమన్నారు. మాధవాయపాలెం, ఇంజరం, బండమూర్లంక కొఠీల కథ ముగిసింది. తరతరాలుగా ఇతరులకు అమ్మనివ్వని కొనుగోలుదారు చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. మిల్లు నూలు దిగడంతో అన్నిటికన్నా ముందు రాట్నాలు ఆగాయి. ఆ ముసలమ్మల కోసం ఎవరూ అర్జీ రాయలేదు.

అదే సమయంలో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. 1821లో సుమారు 7,38,000 ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5,61,000కు పడిపోయింది. చచ్చినవారు చావగా మిగిలినవారిలో ఎందరో వలసపోయారు. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, రంగూన్‌కు కూలీలు ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ 'కోరంగీలు' అనే పిలిచారు.

ఈ శిథిలం మీదనే కాటన్ దొర ఆనకట్ట లేచింది, 1847 నుంచి 1852 వరకు. మా విజ్జేశ్వరం లాకుల నుంచి పడమటి డెల్టాకు నీళ్లు పారాయి, వరి పండింది. ఆయనకు ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం, అందులో తప్పు లేదు. కానీ ఆయన వచ్చేనాటికి ఈ సీమ ఎందుకు అంతలా చితికిపోయిందో పిల్లలకు చెప్పడం మానేశాం. వరిచేల పచ్చదనం మగ్గపు గుంటలను కప్పేసింది. ఆ నీరు రైతును లేపింది. సాలెవాడిని లేపలేదు, అతను కూలికి వెళ్లాడు.

అన్నిటికన్నా గుండె కలుక్కుమనే సంగతి ఇది. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండ్ మిల్లులు మదపోలం పేరుతో బట్ట నేసి మన దేశానికే పంపాయి. 1900లో కొవ్వూరు–రాజమండ్రి మధ్య హేవలాక్ వంతెన తెరిచాక రైలు పెట్టెలు నది దాటడానికి రేవు కోసం ఆగనక్కరలేకపోయింది. మిల్లుబట్టకు దారి ఇంకా సులువైంది.

నరసాపురం మళ్లీ ప్రపంచ మార్కెట్‌కు పనిచేసింది. మిషనరీలు నేర్పిన లేసు అల్లిక 19వ శతాబ్దం చివరి నుంచి ఇంటింటా పాకింది. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఆ ఆడవాళ్ల మీదే పుస్తకం రాశారు. రోజంతా అల్లినా వాళ్లను కార్మికులుగా కాక, తీరిక వేళ ఏదో చేసుకునే గృహిణులుగానే లెక్కకట్టారని ఆమె చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గుర్తింపు వచ్చింది సరే, ధర చెప్పే హక్కు అల్లేదానికి ఇప్పటికీ రాలేదు. ఇవాళా మాట దళారిదే.