లిమూ పట్టణపు బ్లాంకెట్: సీసాలో పులిసే ద్రాక్షరసం

బుడగలు లేచే ఫ్రెంచి వైన్ అనగానే పలువురికి షాంపేన్ పేరే స్ఫురిస్తుంది. అయితే షాంపేన్ కంటే ప్రాచీనమైనదిగా చెప్పుకునే వైన్ ఒకటి ఆ దేశపు దక్షిణ ప్రాంతంలో ఉంది. దాని పేరు బ్లాంకెట్. పిరనీస్ పర్వతపాదాల చేరువలో, ఓడ్ నదీతీరాన, కార్కసోన్ నగరానికి దక్షిణంగా సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న లిమూ పట్టణం దానికి పుట్టినిల్లు.

పేరు, చరిత్ర

ఆ ప్రాంతపు ప్రజల పూర్వభాష ఫ్రెంచి కాదు, ఆక్సితాన్. బ్లాంకెట్ అనే పేరు తెలుపును సూచించే ఆక్సితాన్ మాట నుండి వచ్చింది. మోజాక్ అనే స్థానిక ద్రాక్ష ఆకుల అడుగున తెల్లని నూగు ఉంటుంది. ఆ నూగును బట్టి ముందు తీగకు, పిదప వైన్‌కు ఈ పేరు స్థిరపడిందని చెబుతారు. సమీపంలోని సేంట్ హిలేర్ మఠంలో బెనెడిక్టిన్ సన్యాసులు 1531 నాటికే దీనిని తయారు చేశారని స్థానిక సంప్రదాయం. షాంపేన్ కీర్తితో ముడిపడిన డోమ్ పెరిన్యో జన్మించినది 1638లో. లిమూ ప్రాంతంలో తయారైన దానికి మాత్రమే ఈ పేరు చెల్లే విధంగా 1938లో ప్రభుత్వ గుర్తింపు లభించింది.

తయారీ విధానం

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవులు ఆహారంగా గ్రహించి మద్యసారాన్ని, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తాయి. కల్లుకుండలో నురగ పొంగడానికి కారణం కూడా ఇదే. కుండలోని వాయువు గాలిలో కలిసిపోతుంది. బిరడా బిగించిన సీసాలో అది బందీ అయి, మూత తీయగానే బుడగలుగా పైకి లేస్తుంది.

పూర్వీకుల పద్ధతి అని పిలిచే విధానంలో రసం పూర్తిగా పులియకముందే దానిని చల్లబరచి, పులియడాన్ని నిలుపుతారు. చక్కెర మిగిలి ఉండగానే సీసాలకు నింపుతారు. వాతావరణం వెచ్చబడిన పిదప సీసాలోనే అది మరల పులుస్తుంది. షాంపేన్ విధానం వేరు. అందులో పూర్తిగా పులిసిన వైన్‌కు చక్కెర, ఈస్ట్ కలిపి రెండవసారి పులియబెడతారు. పూర్వీకుల పద్ధతి చూడటానికి సులభమే గాని చేయడం కష్టం. చక్కెర అధికంగా పులిస్తే సీసా పగలవచ్చు, తక్కువగా పులిస్తే బుడగలు లేవవు.

లిమూలో రెండు రకాల బ్లాంకెట్ లభిస్తుంది. పూర్వీకుల పద్ధతిలో మోజాక్ ద్రాక్షతో మాత్రమే చేసేది తియ్యనిది. అందులో మద్యసారం 6 నుండి 7 శాతం వరకు ఉంటుంది. రెండవది రెండుసార్లు పులియబెట్టినది. ఇది సాధారణంగా తీపి లేనిది, షాంపేన్ వలె సుమారు 12 శాతం మద్యసారం గలది.

ఏ వంటకంతో ఏది?

తియ్యని బ్లాంకెట్‌ను బాగా చల్లబరచి, ఆపిల్ పండ్లతో చేసే టార్ట్, పలుచని క్రేప్ అట్లు, పండ్ల కేకుల సరసన వడ్డిస్తారు. వంటకపు తీపి వైన్ తీపిని మించరాదు. మించితే వైన్ పుల్లగా తోస్తుంది. ఉప్పదనం గల రోక్‌ఫోర్ జున్నుకు కూడా తియ్యని వైన్ చక్కగా నప్పుతుంది.

తీపి లేని రకం ఆల్చిప్పలకు, వేపుడు చేపలకు, మేకపాల జున్నుకు అనువైనది. అందులోని పులుపు, బుడగలు కలిసి నోటిలోని కొవ్వు జిడ్డును తొలగిస్తాయి. అయితే అదే జిల్లాకు చెందిన ప్రసిద్ధ వంటకం కసూలేకు, అనగా చిక్కుడు గింజలు, బాతు, పంది మాంసాలతో చేసే కూరకు, ఎర్ర వైన్‌నే ఎంచుకుంటారు.

సహజం అంటే?

పూర్వీకుల పద్ధతిలో చేసిన ప్రతి సీసా 'సహజ వైన్' కాదు. ఫ్రాన్స్‌లో 2020లో గుర్తింపు పొందిన నియమావళి ప్రకారం సేంద్రియ ద్రాక్షను చేతితో కోయాలి, ద్రాక్షపై సహజంగా ఉండే ఈస్ట్‌తోనే పులియబెట్టాలి. సల్ఫైట్లు కలిపినా లీటరుకు 30 మిల్లీగ్రాములను మించరాదు. ఇది తయారీకి సంబంధించిన మాటే గాని ఆరోగ్యానికి హామీ కాదు. మద్యపానంలో సురక్షిత పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

పండుగలో మిగిలిన భాష

19వ శతాబ్దం చివర పాఠశాలల్లో ఫ్రెంచి ఒక్కటే బోధనభాష కావడంతో ఆక్సితాన్ ఇళ్ళలో క్రమంగా సన్నగిల్లింది. అయినా లిమూలో ఏటా జనవరి నుండి వారాల తరబడి సాగే కార్నివాల్ చివరి రాత్రిని 'బ్లాంకెట్ రాత్రి' అని పిలుస్తారు. ఆ రాత్రి కార్నివాల్ రాజు బొమ్మపై విచారణ జరిపి, తీర్పు వెలువరించి, దహనం చేస్తారు. ఆ విచారణ నేటికీ ఆక్సితాన్ భాషలోనే సాగుతుంది. బడిలో చోటు కోల్పోయిన భాష ఊరి పండుగలోను, సీసాపై పేరులోను నిలిచి ఉంది.