లొట్టి నుంచి స్టీరింగు దాకా

కోనసీమలోని తాటిపాక సెంటర్లో రాత్రిపూట పోలీసులు బైకు ఆపి బ్రీత్ ఎనలైజర్ నోటి దగ్గర పెడితే, వాళ్లు తేల్చుకునేది తాగి బండి నడుపుతున్నాడా అన్న సంగతి. డెబ్భై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో బండితో పనిలేదు, తాగడమే నేరం.

1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని కోనసీమకూ అది తప్పలేదు. మోకు కట్టుకుని తాటిచెట్టెక్కి, గెల గీసి లొట్టి తగిలించే గీత కార్మికుడి బతుకుతెరువే చట్టవిరుద్ధమైపోయింది. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమించారు. ఆ వేడి శాసనసభను తాకి, 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం మాత్రం 1969 దాకా పోలేదు.

గౌతమి అవతలి యానాం సంగతి వేరు. మొదట ఫ్రెంచి పాలన, తర్వాత పుదుచ్చేరి పాలన. ఇవతలి చట్టం అక్కడ చెల్లదు. ఎదుర్లంక రేవులో పంటు ఎక్కితే చాలు. దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం తర్వాత 1993లో సారా, 1995లో ఎన్టీఆర్ హయాంలో మద్యం నిషేధించినప్పుడూ కోనసీమవాసుల చూపు యానాం వైపే. 1997లో ఆ నిషేధమూ సడలింది. పంటు రోజుల్లో తాగినవాడు తిరిగొచ్చేటప్పుడు నది దాటించే బాధ్యత సరంగుది. గౌతమి మీద బాలయోగి వారధి వచ్చాక తాగినవాడి చేతిలోనే హ్యాండిల్ ఉంది, ఎదురుగా వచ్చేవాళ్ల ప్రాణాలూ ఆ చేతిలోనే ఉన్నాయి.

1939 నాటి మోటారు వాహనాల చట్టం మత్తులో బండి అదుపు చేయలేని స్థితిలో ఉన్నవాడిని శిక్షించమంది. ఆ స్థితిని రుజువు చేయడమే కష్టం. నోటి వాసన, తూలే నడక, తడబడే మాట, పెద్దవైన కనుపాపలు ఉన్నంత మాత్రాన సరిపోదని, రక్తపరీక్ష ఉండాలని 1971లో ఒక బొంబాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1988 చట్టం రక్తంలో మద్యం లేశమున్నా నేరమేనంది. 1994 సవరణ దానికో కొలత పెట్టింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే 185వ సెక్షన్ కింద కేసు.

2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే జైలు రెండేళ్ల దాకా, జరిమానా 15,000. దీన్ని రోడ్డు మీద చలానా కట్టి వదిలించుకోవడం కుదరదు, కోర్టు మెట్లెక్కాల్సిందే. నేరం రుజువైతే కనీసం ఆరు నెలలు లైసెన్సు పోతుంది.

చాలామంది ఈ చివరి సంగతి తెలియకుండానే నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తారు. కొబ్బరికాయల లారీ నడిపేవాడికి, ఆటో డ్రైవరుకు ఆరు నెలలు లైసెన్సు లేదంటే ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటివాళ్లు ఒప్పుకునే ముందే వకీలును కలవాలి. రెండోసారి దొరికినవాళ్లూ అంతే. ఎవరికైనా దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకూడదు. 2006లో ముంబయి బాంద్రాలో మద్యం మత్తులో కారు నడిపి ఏడుగురు కూలీల మరణానికి కారణమైన వ్యక్తికి హత్య కాని దండనీయ నరహత్య నేరం కింద పడిన శిక్షను 2012లో సుప్రీంకోర్టు సమర్థించింది.

వకీలు ముందుగా చూసేది కాగితాలే. యంత్రం చూపిన అంకె ఎంత, ఎన్నింటికి పరీక్ష చేశారు, అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్యపరీక్ష జరిగిందా? జరగకపోతే ఆ వ్యక్తిని కస్టడీ నుంచి వదిలేయాలని మోటారు వాహనాల చట్టం 202వ సెక్షన్ చెబుతోంది. ఊదనని మొండికేస్తే లాభం లేదు, సరైన కారణం లేని నిరాకరణను కోర్టు నిందితుడికి వ్యతిరేకంగానే లెక్కలోకి తీసుకోవచ్చు.

ఫీజుకు డబ్బు లేదని వెనకాడనక్కర్లేదు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతోనే న్యాయవాదిని ఇస్తారు. మిగతావారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంది. మండల న్యాయసేవాధికార కమిటీకి తెల్లకాగితం మీద దరఖాస్తు రాసిచ్చినా తీసుకుంటారు.