చప్పుడు వస్తుంది, మాట రాదు

హోం థియేటర్ కొన్నప్పుడు పెట్టెతోపాటు వచ్చే చిన్న పుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది. మధ్యలో సోఫా, ఎదురుగా టీవీ, చుట్టూ అయిదు స్పీకర్లు, ఓ మూల సబ్ ఊఫర్. సోఫా మీద ఒక తల. ఆ తల నుంచి గీతలు గీసి కోణాలు చూపిస్తారు. ఇవి ఎవరికో తోచినట్టు గీసినవి కావు. 1990ల మొదట్లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు చేసిన కొలతలు: మధ్య స్పీకరు సూటిగా ఎదురుగా, కుడి ఎడమలవి 30 డిగ్రీల చొప్పున పక్కకి, వెనకవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ఆ తలని చూస్తే నాకు విమర్శకులు చెప్పే 'ఉద్దిష్ట పాఠకుడు' గుర్తొస్తాడు. ప్రతి రచనా తన పాఠకుణ్ణి ముందే ఊహించుకున్నట్టు ఈ యంత్రం కూడా తన శ్రోతని ఊహించుకుంది. అతను కూర్చుని ఉంటాడు. మధ్యలో లేచివెళ్ళాల్సిన పనేదీ అతనికి లేదు. బొమ్మలో వంటిల్లు లేదు.

రేడియో చరిత్ర ఇలా లేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. 1957లో వివిధ భారతి వచ్చింది. మొదట్లో రేడియో అంటే ముందుగదిలో బల్లమీద గుడ్డ కప్పుకుని కూర్చున్న కొయ్యపెట్టె. ట్రాన్సిస్టర్లు చవకయ్యాక అది వంటింటి గూట్లోకి చేరింది. బియ్యం ఏరుతూ, రుబ్బుతూ, ఎసరు చూసుకుంటూ వినగలిగిన వస్తువు అది. హైదరాబాద్ కేంద్రం నాటకాల్లో శారదా శ్రీనివాసన్ గొంతు తెలిసిన ఆడవాళ్ళలో ఎంతమంది తీరిగ్గా కూర్చుని విన్నారు? రేడియో స్త్రీల కార్యక్రమాలు పచ్చళ్ళ దగ్గరా పిల్లల పెంపకం దగ్గరా ఎంతగా తిరిగాయో తెలియనిదాన్ని కాదు, దాన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ చిన్న స్పీకరు బేస్ పలికేది కాదు. మీడియం వేవ్‌లో పై స్వరాలు కూడా సుమారు 5,000 హెర్ట్జ్ దగ్గర తెగిపోయేవి. సంగీతం తెలిసినవాళ్ళు విసుక్కున్న ఆ పరిమితి మాటకి మాత్రం సరిపోయింది. మనిషి గొంతే అందులో ముందుండేది.

మిర్యాలగూడ ప్రాంతం 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువకి నీళ్ళు వదిలాక మారింది. వరి, వరి వెంట రైసుమిల్లులు, మిల్లుల వెంట స్లాబు ఇళ్ళు. ఆ ఇళ్ళలో హాలు మగవాళ్ళకీ వచ్చేపోయేవాళ్ళకీ, ఇటుక గోడకి అవతల వంటిల్లు. డాల్బీ కంపెనీ ఇళ్ళ కోసం సరౌండ్ ధ్వనిని 1982లో తెచ్చింది. డీవీడీలతో అది 5.1 అయి, 2000ల నాటికి మన చిన్న పట్టణాల హాళ్ళలోకి కూడా వచ్చింది. ఈ 5.1లో మాటల్లో ఎక్కువ భాగం మధ్య స్పీకరుది. '.1' అనేది 120 హెర్ట్జ్ లోపలి ఉరుములకీ పేలుళ్ళకీ విడిగా కేటాయించిన దారి. ఆ ఉరుముల్ని మిగతా దారుల కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువగా వినిపించే వీలు ఆ ఏర్పాటులోనే ఉంది. మాటకి అలాంటి వెసులుబాటు ఇవ్వలేదు.

ఇక గోడ సంగతి. 30 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 11 మీటర్ల పైన. దానికి గోడా తలుపూ పెద్ద అడ్డం కావు. మన హల్లుల్లో స, ష, త, క లాంటివాటి గుర్తింపు ఎక్కువగా 2,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. అవి గోడ దగ్గరే ఆగిపోతాయి. వంటింట్లోకి ఊఫర్ దడ వస్తుంది, అచ్చుల మూలుగు కొంత వస్తుంది, హల్లులు రావు. హల్లులు లేనిదే మాట లేదు. వయసు పైబడితే చెవి ముందు పోగొట్టుకునేది కూడా ఆ పై స్వరాలనే.

మిర్యాలగూడలో మా పెద్దమ్మని ఇంట్లో అందరూ 'చెవుడు' అంటారు. సీరియల్ పెట్టుకుని కూరగాయలు తరిగేటప్పుడు సౌండ్ పెంచుతుందని, ఏం చెప్పినా రెండుసార్లు అడుగుతుందని ఫిర్యాదు. నేను అడిగితే ఆమె అన్నది: "చప్పుడు మంచిగనే ఇనబడ్తది బిడ్డా. మాటనే ఇనబడదు." ధ్వనిశాస్త్రం రెండు పేరాల్లో చెప్పేదాన్ని ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది. ఇంట్లో ఎవరూ దాన్ని యంత్రం మీద ఫిర్యాదుగా వినలేదు, ఆమె చెవి మీద తీర్పుగానే విన్నారు. సెటప్ మెనూ కొడుకు చేతిలో ఉంది. ఆడవాళ్ళకి వాల్యూమ్ మీట దాకానే అనుమతి. వాల్యూమ్ పెంచితే మాటతోపాటు ఉరుమూ పెరుగుతుంది, అప్పుడు మళ్ళీ తిట్లు.

ఆడవాళ్ళకి ఈ మీటలు అర్థం కావన్న మాటకి జవాబు మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. 'జనరల్' నర్సమ్మ, 'ఆల్గోల్' నర్సమ్మ రికార్డు చేశారు, ఎడిటింగ్ చేశారు, మిక్సర్ మీటలు తిప్పి ప్రసారం చేశారు. పొలం పనిచేసే చేతులకి అలవడినది హాల్లో ఉన్న డబ్బాకి ఎందుకు అలవడదు?

నేనూ పెద్దమ్మా ఒక మధ్యాహ్నం ఆ మెనూ తెరిచాం. ముందు ఊఫర్‌ని మూల నుంచి ఇవతలికి జరిపాం. మూలన ఉంటే రెండు గోడలూ నేలా కలిసి బేస్‌ని పెంచేస్తాయి. దాని లెవెల్ తగ్గించాం. మధ్య స్పీకరు లెవెల్ 4 డెసిబెల్స్ పెంచి, షోకేసు లోపలికి తోసి ఉన్నదాన్ని అంచుదాకా లాగాం. క్రాసోవర్ అంటే ఎంతకి దిగువన ఉన్న స్వరాలు ఊఫర్‌కి పోవాలో చెప్పే హద్దు. పెద్ద స్పీకర్లయితే 80 హెర్ట్జ్ మంచిది, ఇక్కడున్న చిన్న డబ్బాలకి 120 దగ్గర పెట్టాం. మరీ 200 దాకా పోనిస్తే మగగొంతుల అడుగుభాగం, ఆడగొంతుల్లోనూ కొంత, మూలనున్న పెట్టెలోంచి వస్తుంది. చివరికి నైట్ మోడ్. రాత్రిపూట ఇరుగుపొరుగు నిద్ర చెడకుండా పెట్టిన సదుపాయం ఇది, పెద్ద చప్పుళ్ళని తగ్గించి చిన్న మాటల్ని పైకి తెస్తుంది. పగటి వంటింటికి ఇంత పనికొస్తుందని పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

ఆమె లోపలికి పోయి స్టవ్ దగ్గర నిలబడి విన్నది. సీరియల్లో అత్త ఏమంటున్నదో అక్కడి నుంచే నాకు చెప్పింది. సినిమా చూసే రోజు కొడుకు బేస్ మళ్ళీ పెంచుతాడని ఆమెకి తెలుసు. అందుకే రిమోట్ మీద నైట్ మోడ్ మీటకి ఒక బొట్టుబిళ్ళ అంటించుకుంది.